నలభై రెండో చుక్క

ఆఫీసులో అందరూ ఆవిడను పటం అక్క అనేవారు. అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటుండేది గానీ, హాజరు పట్టీలో సంతకానికి తప్ప అదెందుకూ పనికొచ్చేది కాదు. పిల్లల వారపత్రికలో ముప్ఫై ఏళ్ళు పనిచేసింది. అందులో పాతికేళ్ళకు పైగా ఆవిడ చేసిందల్లా ఎక్కడా లేని ఒక ఆకాశాన్ని కాపలా కాయడం. నవ్వకండి. ఉన్న ఆకాశానికి కాపలా అక్కర్లేదు, ఎవరు చూసినా చూడకపోయినా అది ఉంటుంది. లేనిదానికే కావాలి.

ఆ ఆకాశం పేరు ఆవలివాడ. పత్రికలో వచ్చే పెద్ద సీరియల్ అంతా అక్కడే జరిగేది. సీరియల్ మొదలుపెట్టిన వారం ఎడిటరుగారు ఆవిడ బల్ల దగ్గరికొచ్చి, "పేజీ బోసిగా ఉందమ్మా, ఏవో నాలుగు చుక్కలు పెట్టండి" అన్నారు. నాలుగు పెట్టి ఊరుకునే మనిషా ఆవిడ! వారం తిరిగేసరికి నలభై ఒకటి పెట్టింది. ఒక్కోదానికి పేరు పెట్టింది. ఏది ఎర్రగా కాలుతుందో, ఏది ముసలిదై మసకబారిందో నోటుబుక్కులో రాసుకుంది. మధ్యలో రెండు ధూళిమబ్బులు, ఎటు పోవాలో తెలియక ఆగిపోయిన ఒక తోకచుక్క. అన్నిటికంటే ముందు పెట్టిన చుక్కకు తొలిగడప అని పేరు పెట్టి, దాన్ని పటానికి కుడివైపు చివరన ఒంటరిగా ఉంచింది.

ఆవిడ పనితీరు ఆవిడదే. బల్లంత దళసరి కాగితం మీద మూలపటం ఉండేది. అందులో చుక్కలంటే సూది కన్నాలు. ప్రతివారం కొత్త కాగితం మీద దాన్ని పరిచి, ప్రతి కన్నంలోంచీ సూది దించి, పైది తీసేసి, కింద పడ్డ గుర్తులమీద ఇంకు చుక్కలు దిద్దేది. ఆ తర్వాత లెక్కపెట్టేది. నలభై ఒకటి వస్తేనే కాగితం అచ్చుకు వెళ్ళేది. అందుకే పాతికేళ్ళలో ఆవలివాడలో ఒక్క చుక్క వెంట్రుకవాసి కూడా కదల్లేదు.

కదిలితే పిల్లలు ఊరుకోరు కూడా. పటం కింద ఒక కొలత ఉండేది: అగ్గిపుల్ల పొడవు దూరమంటే ఒక నెల ప్రయాణం. పిల్లలు అగ్గిపుల్లలు పట్టుకుని కూర్చునేవాళ్ళు. మొదట్లో కథ రాసిన పెద్దాయన ఒకసారి రెండు పుల్లల దూరాన్ని మూడు నెలలని రాసేస్తే, నూట పన్నెండు ఉత్తరాలొచ్చి పడ్డాయి. అందులో ఒకటి, "తాతగారూ, మీకు లెక్కలు రావా?" అని. పెద్దాయన రెండు రోజులు ముఖం మాడ్చుకుని తిరిగాడు. పటం అక్కను మాత్రం ఒక్క పిల్లాడూ తప్పుపట్టలేదు, ఆ మాటకొస్తే మెచ్చుకోనూ లేదు. సరిగ్గా ఉన్నదాని గురించి ఉత్తరం ఎవరు రాస్తారు?

ఇక తోడికోడలి సంగతి. మరిది పెళ్ళయ్యాక ఇంట్లో ఇద్దరు కోడళ్ళయ్యారు, వంటిల్లు ఒక్కటే. చిన్నకోడలు పుస్తకాలు చదివే పిల్ల. ఇంట్లో కూర్చుని ఏం చేస్తుందిలే అని, పటం అక్కే ఎడిటరుగారిని బతిమాలి ప్రూఫులు దిద్దే పనిలో పెట్టించింది. ఈ మాట గుర్తుంచుకోండి, ఎందుకంటే ఆవిడ ఒక్కరోజు కూడా మర్చిపోలేదు.

తర్వాత పెద్దాయనకు చూపు తగ్గి పని మానేశాడు. ఒక వారం చేతిలో కథ లేదు. "నేనో పేజీ రాయనా?" అంది చిన్నకోడలు, టీ గ్లాసు చేత్తో పట్టుకుని, ఏదో కూరలోకి ఉప్పు వేయనా అన్నట్టు. రాసింది. ఆ పేజీతో ఆవలివాడలోకి లిమ్మలు దిగారు.

లిమ్మలంటే మోకాలెత్తు జీవులు. సొంత ఆకాశం పాడైపోతే మూటాముల్లే సర్దుకుని వచ్చారు. ఏ గ్రహం మీద దిగినా ముందు తలుపు నిలబెడతారు, గోడలు తర్వాత. తలుపే లేకపోతే వచ్చినవాడు ఎక్కడ తడతాడు అంటారు. వాళ్ళకు మూడు చేతులు. రెండింటితో పని చేసుకుంటారు. మూడోదాన్ని ఎప్పుడూ ఖాళీగా ఉంచుకుంటారు, పక్కవాడు తూలితే పట్టుకోవడానికట.

పిల్లలు వెర్రెత్తిపోయారు. లిమ్మల బొమ్మలు గీసి పంపారు, మట్టితో చేసి పంపారు. ఆఫీసు గోడ నిండిపోయింది. లిమ్మలు ఒక్కో చుక్క దగ్గరా దిగి తలుపులు నిలబెట్టుకుంటూ పోయారు, ఆఖరికి తొలిగడపనే తమ ఇల్లు చేసుకున్నారు. పటం అక్కకు ఒళ్ళు మండిపోయింది. ఆ చోటంతా తను కట్టుకున్న ఇల్లు. తనను మాటమాత్రం అడక్కుండా అందులో దిగి, అది తాతలనాటి ఇల్లన్నట్టు తిరుగుతున్నారు.

ఇంట్లో అయితే మరీనూ. అత్తగారు ఏనాడూ అగ్గిపుల్ల పట్టుకుని పటం కొలిచిన మనిషి కాదు. అలాంటిది వంటింట్లోకి వచ్చి, "ఒసే చిన్నమ్మాయ్, ఈ వారం నీ లిమ్మలు ఏం చేస్తున్నారే?" అని మురిసిపోతూ అడిగేది. పక్కనే పెద్దకోడలు నిలబడి ఉండేది. "నా చుక్కల మీద తిరుగుతున్నారు అత్తయ్యా" అని నోటిదాకా వచ్చేది, మింగేసేది. ఆవిడ ఆ కథలు చదవనని ఒట్టేసుకుంది. చదివేది. ఒకసారి బాత్రూంలో తలుపు గడియ పెట్టుకుని చదువుతూ కిసుక్కున నవ్వింది. ఆ నవ్వుకు వారమంతా తనను తాను క్షమించుకోలేకపోయింది.

ఇలా ఉండగా సీరియల్‌కు పాతికేళ్ళు నిండాయి. అంతా కలిపి పుస్తకంగా వేద్దామన్నారు ఎడిటరుగారు.

"అట్టమీద ఒక్క పేరే వేద్దామండీ. పిల్లలు గుర్తుపట్టే పేరు" అన్నారు అందరి ముందూ.

పటం అక్క గొంతు సవరించుకుంది. "పటం మరి?"

"పటం లోపల ఉంటుందిగా అమ్మా" అన్నారాయన, ఎంతో ఓదార్పుగా. "అయినా తొందరేముంది. ప్రత్యేక సంచికకు వచ్చే ఉత్తరాలు చూసి ఖాయం చేద్దాం."

పాతికేళ్ళుగా ఆవిడ కోరుకున్నది ఆ ఒక్కటే: తను చేసిన ఆకాశం మీద తన పేరు. అది చిన్నకోడలికి పోతోంది. ఆ రోజు ఇంటికెళ్ళి గిన్నెలు ఎంత గట్టిగా తోమిందంటే, అత్తగారు వచ్చి వాటికేమైనా తుప్పు పట్టిందా అని చూసింది.

ప్రత్యేక సంచిక కథ చేతికొచ్చింది. దారి తప్పిన లిమ్మల ఓడ ఒకటి తొలిగడపకు తిరిగొస్తుంది. ఓడలో ఇంధనం సరిగ్గా నాలుగు నెలలకే ఉంది. పటం మీద దూరం సరిగ్గా నాలుగు పుల్లలు. చిన్నకోడలు జాగ్రత్తగా కొలుచుకునే రాసింది.

మధ్యాహ్నం అందరూ భోజనాలకు వెళ్ళినప్పుడు పటం అక్క గదిలో ఒక్కతే ఉంది. మూలపటం పరిచింది. తొలిగడప కన్నం మీద పల్చటి కాగితం ముక్క జిగురుతో అతికించింది. దానికి అవతలగా, సగం పుల్ల దూరంలో కొత్త కన్నం పొడిచింది. ఇప్పుడు ఇల్లు నాలుగున్నర నెలల దూరం. పటం లెక్కన ఓడ గడప తొక్కకుండానే ఆగిపోవాలి, లిమ్మలు చచ్చిపోవాలి. కథలో మాత్రం ఇల్లు చేరిపోతారు, పిల్లలు అగ్గిపుల్లలతో లేస్తారు. "మీకు లెక్కలు రావా?" అని ఉత్తరాలు గుట్టలుపడతాయి, రాసినదాని పేరు మీద. చిన్నకోడలు ప్రూఫులో చూసుకోదా అంటారేమో. చూస్తుంది, అక్షరాలు చూస్తుంది. అక్క పెట్టిన చుక్కను కొలిచి చూడాలన్న ఆలోచన ఆ ఇంట్లో ఎవరికీ రాదు. ఆ నమ్మకం మీదే ఆవిడ దెబ్బ వేసింది.

సూది దించింది, గుర్తులు దిద్దింది, పంపేసింది. ఆ ఒక్కసారి లెక్కపెట్టలేదు. ఒకటి తీసి ఒకటి పెట్టాక లెక్క మారదు కదా. మర్నాటి నుంచి తలనొప్పని చెప్పి నాలుగు రోజులు సెలవు పెట్టింది.

సంచిక వచ్చింది. ఆవిడ మంచం మీద కూర్చుని పటం పేజీ తెరిచింది. కుడివైపు చివర రెండు చుక్కలున్నాయి. కొత్తదీ ఉంది, పాతదీ ఉంది.

ఎవరు పెట్టారు? ఇంకెవరు, ఆవిడ చెయ్యే. పాతికేళ్ళుగా ప్రతివారం అదే చోట సూది దించిన చెయ్యి, అలవాటు కొద్దీ కాగితం ముక్కను పొడుచుకుని పాత కన్నంలోకి దిగింది, ఆ తర్వాత కొత్తదాంట్లోనూ దిగింది. ఇంకు దిద్దుతున్నప్పుడు ఆవిడ మనసు పటం మీద లేదు, రాబోయే ఉత్తరాల మీద ఉంది.

కథ పేజీకి తిప్పింది. చివరి పేరా మారిపోయింది. ఓడ నాలుగో నెల ఆఖరున క్షేమంగా తొలిగడపకు చేరింది. దిగగానే పిల్ల లిమ్మ పైకి చూసి, "మనం వెళ్ళినప్పుడు ఆ చుక్క లేదే!" అని అరిచింది. ముసలి లిమ్మ చాలాసేపు చూసి, "మనం దారి తప్పామని తెలిసి ఎవరో దీపం పెట్టారు" అంది. "ఎవరు?" అంటే తెలియదంది. "వాళ్ళెప్పుడైనా వస్తే తట్టడానికి ఏదైనా ఉండాలిగా, పద" అంది. అందరూ కలిసి ఆ చుక్కవైపుకు ఒక తలుపు నిలబెట్టారు. కథ అయిపోయింది.

పటం అక్కకు ఏడుపొచ్చింది. కథ అంత బాగుంది. ఆ వెంటనే పళ్ళు కొరుక్కుంది.

ఉత్తరాలు రెండు గోతాలు వచ్చాయి. సగానికి పైగా ఒకటే ప్రశ్న: ఆ చుక్క ఎవరు పెట్టారు? అదే ప్రశ్న ఎడిటరుగారూ అడిగారు. చిన్నకోడలు ప్రూఫుల మీంచి తల ఎత్తకుండా, "అక్కే పెట్టింది. ప్రూఫులో చూసి నేను చివర మార్చాను" అంది. ఎడిటరుగారు పరవశించిపోయారు. అట్టమీద రెండు పేర్లూ వేస్తామనీ, పటం అక్క పేరే ముందనీ అక్కడికక్కడే తేల్చేశారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆవిడ తేలు కుట్టిన దొంగలా నిలబడింది.

సాయంత్రం వంటింట్లో చిన్నకోడలు పళ్ళేలు కడుగుతోంది.

"నీకు తెలుసా?" అంది పటం అక్క గుమ్మంలోంచే.

"మూలపటం కిటికీకి ఎత్తి చూశాను అక్కా. అతికించిన కాగితం కనబడింది."

"మరి చెప్పలేదేం? చెప్తే నా పని అయిపోయేది."

"అనుకున్నాను. ముందు ఏడ్చాను. తర్వాత ఆ ప్రూఫు తెచ్చి నీ మొహాన కొడదామనుకున్నాను." చిన్నకోడలు పళ్ళెం బోర్లించింది. "మళ్ళీ చూశాను. అక్కడ చుక్క ఉంటేనే బాగుందనిపించింది. కథ తన్నుకొచ్చేసింది, ఏం చెయ్యను?"

ఆ పిల్ల ఏదో క్షమాభిక్ష పెట్టి ఉంటే పటం అక్క తట్టుకునేది. ఒక మాట అనేసి, కాళ్ళు కడుక్కుని పడుకునేది. కానీ ఇది వేరు. పాతికేళ్ళు ఆ చివర చూస్తూ కూర్చుంది తను. అక్కడ ఇంకో చుక్క కావాలని తనకు ఎందుకు తట్టలేదు? పగతో పొడిచిన కన్నం కూడా దాని చేతిలో పడేసరికి దీపమైపోయింది.

పుస్తకం విడుదల రోజు రెండు కుర్చీలు వేశారు. బయట పిల్లలు వరసలో నిలబడ్డారు. రెండు జడల పిల్ల ఒకతి పుస్తకం తెరిచి పటం అక్క ముందు పెట్టింది. పేజీలో కుడివైపు చివర వేలు పెట్టింది.

"ఇక్కడ పెట్టండి ఆంటీ సంతకం. ఈ చుక్క మీరే పెట్టారట కదా! పటం మొత్తంలో నాకు ఇదే ఇష్టం."

ఆవిడ ఆ పేజీవంక చూసింది. మిగతా నలభై ఒకటీ కంటికి నిద్ర లేకుండా పెట్టుకున్నవి. వాటి గురించి ఒక్క పిల్లా అడగలేదు. పెన్ను మూత తీసింది, మళ్ళీ పెట్టేసింది. పుస్తకాన్ని పక్క కుర్చీ వైపు జరిపింది.

"ఇది నాది కాదమ్మా, ఈమెది. ఈమె చేత పెట్టించుకో."

చుట్టూ ఉన్నవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. ఎంత పెద్ద మనసో, తోడికోడళ్ళంటే ఇలా ఉండాలి అన్నారు. అత్తగారైతే ఆ మాట వీధంతా చెప్పుకుంది. పటం అక్క పోయాక కూడా మనుషులు ఆ సంగతే తలుచుకుంటారు. నన్నడిగితే అది పెద్ద మనసు కాదు, నిఖార్సయిన కడుపుమంట. ఆ మంటలో ఆవిడ ఆడిన ఒకే ఒక్క నిజం అది, దాన్ని కూడా ఎవరూ నమ్మలేదు.