బాబాయి రంపం పాట

మొన్న చీరాల నుంచి మా బాబాయి పోయాడని కబురొచ్చినప్పుడు నాకు ముందు ఏడుపు రాలేదు, అయోమయం వచ్చింది. ఇప్పుడు ఆ రికార్డు వెయ్యాలా, వద్దా?

మొదటినుంచీ చెప్తేగాని మీకు అర్థం కాదు. బాబాయిది మైకుసెట్టు వ్యాపారం. చుట్టుపక్కల ఏ పెళ్ళయినా రికార్డులు వేసే పెట్టె, చెట్టుకి కట్టే బాకా ఆయనవే. వాడరేవులో కొన్నాళ్ళు మకాం పెట్టిన తెల్లవాళ్ళు వెళ్ళిపోతూ ఆయనకో రికార్డు ఇచ్చారు. వాళ్ళ పల్లెపాటలట. అవేం పాటలో మరి. ఒకటి మొదలై, మధ్యలో దారితప్పి, ఇంకెక్కడో తేలుతుంది. ఫిడేలు కమాను పెట్టి రంపాన్ని వాయిస్తారు. గింజలున్న సొరబుర్ర ఆడిస్తారు. నీళ్ళగిన్నెల అంచులు రుద్ది మోగిస్తారు. పాడేవాళ్ళు నిద్రలో మాట్లాడుతున్నట్టు పాడతారు.

పెళ్ళిళ్ళలో సన్నాయి మేళం రాకముందు, సెట్టు సరిచూసుకునే వంకతో బాబాయి అదే వేసేవాడు. ఓసారి పక్క కల్లంలో వేరుశనగ తాలుకాయలు ఏరుతున్న ఆడవాళ్ళు పని ఆపి వచ్చారు.

"ఏవయ్యా, మిషను పాడైందా? మగపెళ్ళివాళ్ళు వింటే లేచి వెళ్ళిపోతారు."

"పాడవలేదమ్మా, అది పాటే," అన్నాడు బాబాయి. వాళ్ళు నమ్మలేదు. నేనూ నమ్మలేదు.

పిన్ని సంగతి చెప్పనక్కర్లేదు. ఇంట్లో ఆ రికార్డు తీస్తే చాలు, "మళ్ళీ ఆ దయ్యాల గోలా?" అని వంటింటి తలుపు వేసేసుకునేది.

"నీకేం అర్థమవుతుంది బాబాయ్ అందులో?" అని అడిగితే, "ఏమీ కాదురా. అర్థమైతే ఇన్నిసార్లు ఎందుకు వింటాను?" అనేవాడు. కళ్ళు మూసుకుని, రంపం వచ్చేముందు వేలు పైకెత్తేవాడు. అది ఏడుస్తోందో నవ్వుతోందో తేల్చుకోలేక నేనూ మళ్ళీ మళ్ళీ విన్నాను. ఇప్పటికీ తేల్లేదు. అర్థం కానిదాన్ని కూడా ఇష్టపడొచ్చని నాకు తెలిసింది ఆయన వల్లే.

ఒకరోజు రికార్డు తుడుస్తూ, "నన్ను తీసుకెళ్ళేటప్పుడు ఇదే వెయ్యరా," అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. వేళాకోళమా, నిజమా?

నేను చీరాల చేరి ఆయన సెట్టే సిద్ధం చేస్తుంటే, వాకిట్లో అందరూ భక్తిపాటలు వెయ్యమన్నారు. "నలుగురూ నవ్వుతారు బాబూ," అన్నాడు పక్కింటి పెద్దాయన. పిన్ని వైపు చూశాను. బాబాయి కాళ్ళ దగ్గర కూర్చుని తల ఎత్తలేదు. వద్దనలేదు కదా అనుకుని వేశాను. పాడె కడుతున్నవాళ్ళు చేతులాపి బాకా వైపు చూశారు. ఎవరూ నవ్వలేదు. అందరి మొహాల్లోనూ నా అయోమయమే.

ఒక వైపు అయిపోయి ముల్లు గరగరలాడింది. తీసెయ్యబోయాను.

"తియ్యకురా. రెండో వైపు కూడా వెయ్యి," అంది పిన్ని.

తిప్పి వేశాను. ఆ వైపు మొదట వచ్చేవి నీళ్ళగిన్నెలు. అవింకా మోగనేలేదు. తల ఎత్తకుండానే పిన్ని వేలు పైకి లేచింది.