అమ్మకొచ్చిన వంతు

పోయిన ఆదివారం హిందూపురంలో మా అబ్బాయి ఇంట్లో అందరూ కలిసి ఒక సినిమా చూద్దామని గోడంత టీవీ ముందు కూర్చున్నారు. కూర్చున్నారన్న మాటే గాని చూసిందేమీ లేదు. మనవడు ఒకటి పెడితే మనవరాలు వద్దంటుంది, ఆమె పెట్టింది మా కోడలు ఇదివరకే చూసేసిందట, మా అబ్బాయికి కొట్లాటలుండాలి, కొట్లాటలుంటే కోడలికి తలనొప్పి. తెర మీద సినిమాల బొమ్మలు పైకీ కిందికీ జరుగుతూనే ఉన్నాయి, వేడివేడిగా చేసిపెట్టిన మిరపకాయ బజ్జీలు చల్లారిపోయాయి, చివరికి ఎవరి ఫోను వాళ్ళు తీసుకుని ఎవరి మూలకు వాళ్ళు పోయారు. అంత పెద్ద టీవీ ముందు నేనొక్కదాన్నే మిగిలాను. దాన్ని ఆర్పడం నాకు చేతకాదు కాబట్టి అలాగే చూస్తూ కూర్చున్నాను. నా ఈడువాళ్ళెవరైనా పక్కన ఉంటే ఇద్దరం కలిసి నవ్వుకునేవాళ్ళం. ఇంటిల్లిపాదికీ నచ్చే వినోదం ఒకటి ఎంచి తేవడం ఎంత కష్టమో నాకు తెలియక కాదు. మా ఇంట్లో అది పెద్ద బాధ్యత. దాన్ని మా అమ్మ నెత్తిన వేసుకుని నెగ్గుకొచ్చిన తీరు తలచుకుంటే ఈ వయసులోనూ నా ఛాతీ ఉప్పొంగుతుంది.

యాభైల నాటి మాట. మాది ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఇల్లు. మా నాయన, చిన్నాయన చెరొక మగ్గం గుంటలో దిగి కూర్చుంటే పొద్దు గూకేదాకా లేచేవాళ్ళు కాదు. అమ్మ, పిన్ని నూలు చుట్టేవాళ్ళు, పిల్లలం అందించేవాళ్ళం. ఇంటి పెత్తనమంతా మా అవ్వది, అంటే మా నాయనను కన్నతల్లిది. అమావాస్య నాడు మా వీధిలో మగ్గం ఆడేది కాదు. నెలంతా చెవుల్లో మోగే ఆ చప్పుడు ఆ ఒక్క రోజు ఆగిపోతే ఇంట్లో ఏదో లోటుగా ఉంటుందని, ఆ సాయంత్రం ఇంట్లో ఆటో పాటో ఉండి తీరాలని అవ్వ ఒక ఏర్పాటు చేసింది. ఊళ్ళో గుడారం సినిమా లేకపోలేదు. కాని ఆ బీడీపొగలో, ఇసుకలో చతికిలబడడం అవ్వకు కిట్టదు, ఆమె కదలనిదే ఇంట్లో ఆడవాళ్ళెవరూ గడప దాటేది లేదు. అందువల్ల వినోదమే మా గడప తొక్కాల్సి వచ్చేది.

ఏం రావాలో ఎంచేది వంతుల ప్రకారం. ఒక అమావాస్య నాయనది, ఒకటి చిన్నాయనది, ఒకటి అవ్వది. ఎవరి వంతు వస్తే వాళ్ళ మాటే మాట, రెండోవాళ్ళు నోరెత్తకూడదు. ఆ నెలలో పిల్లలకు ఆటబొమ్మ కొనాల్సి వచ్చినా ఎంపిక వాళ్ళదే. కాకపోతే ఒక షరతు ఉండేది: ఆట ముగియకముందే అవ్వ లేచి లోపలికి పోయిందంటే తెచ్చినవాళ్ళు ఓడిపోయినట్టు, మళ్ళీ వాళ్ళకు ఎప్పుడు వంతివ్వాలో అవ్వే చెప్పాలి. ఆమె మోకాలి మీద చెయ్యి పెట్టిందంటే చాలు, తెచ్చినవాళ్ళ గుండె జారిపోయేది. అవ్వ వంతు వచ్చినప్పుడు మాత్రం భజనే. అది ఎంతసేపు సాగినా లేచే ధైర్యం మాకెవరికి ఉంటుంది!

నాయన ఒకసారి హిందూపురంలో మా చీరలు కొనే అంగడి ఆయన దగ్గర గ్రామఫోను అడిగి తెచ్చాడు. అది బాగానే పాడింది గాని, పాడే మనిషి కనబడని పాట ఏం పాటరా అని అవ్వ పెదవి విరిచింది. లేవలేదు కాబట్టి గండం గడిచింది. చిన్నాయన సంగతి వేరు, ఆయనకు కొత్తదంటే పిచ్చి. కదిరి తేరుకు పోయి పిల్లలందరికీ రేకు డోళ్ళు కొనుక్కొచ్చాడు, మరునాటికల్లా అవన్నీ అవ్వ పెట్టెలో చేరి తాళం పడింది. ఇంకోసారి చేత్తో తిప్పి తెర మీద బొమ్మలాడించే మిషను మనిషిని పిలుచుకొచ్చాడు. మొదలూ చివరా లేని సినిమా ముక్కలు, గుర్రం పరిగెత్తుతుండగానే తెగిపోయి ఇంకెవరో స్నానం చేస్తూ కనిపించేవాళ్ళు. అవ్వ గుర్రం ఏమైందో చెప్పమని నిలదీసి, ఎవరూ చెప్పలేకపోయేసరికి లేచిపోయింది. చిన్నాయనకు చాలా కాలం వంతు రాలేదు, ఆ ఉడుకుమోత్తనం చూసి మేము చాటుగా నవ్వుకునేవాళ్ళం.

ఇన్ని వంతుల్లో కోడళ్ళ పేరు ఎక్కడా లేదని మీరు గమనించే ఉంటారు. బొరుగులు కలపడం, వేరుశనక్కాయలు వేయించడం, చాపలు పరచడం కోడళ్ళ పని. అందులోనూ మా అమ్మది అగళి, కన్నడ గాలి తగిలిన ఊరు. డబ్బులను దుడ్లంటుందని, రాగిముద్ద లేనిదే అన్నం తిన్నట్టు ఉండదంటుందని ఇంట్లో అందరికీ ఆమె మాట ఒక వేళాకోళం. అలాంటి అమ్మకు వంతు ఎలా వచ్చిందంటే, ఒక అమావాస్య దాటిన మరునాడు అవ్వ లెక్క చూసుకుంటే వచ్చే వంతు చిన్నాయనది. ఆయనకు ఇచ్చేది లేదు. నాయన చేతిలో పెళ్ళివారి చీరల పని ఉంది, ఊళ్ళు తిరిగి వెతికే తీరిక లేదు. అవ్వ భజన బృందంలో తాళం వేసే ఆయన మంచాన పడ్డాడు. అవ్వ ఏం చేద్దామా అని గొణుగుతుంటే, నూలు చుడుతున్న అమ్మ తల ఎత్తకుండానే నేను తెస్తానని అనేసింది.

అవ్వ ఆమె వంక ఎగాదిగా చూసి, "మీ అగళిలో ఏముండాదే, రాగిముద్ద తప్ప?" అంది.

"ఏముండాదో తెచ్చి చూపిస్తానత్తా," అంది అమ్మ.

అవ్వ ఒప్పుకుంది గాని షరతు కాస్త బిగించింది. అమ్మ తెచ్చిన ఆట మధ్యలో తాను లేచిందా, ఇక ఆ ఇంట్లో ఏ కోడలూ వంతు మాట ఎత్తకూడదు. ఆ సాయంత్రం వంటింట్లో పిన్ని అమ్మ చెయ్యి పట్టుకుని, "నువ్వు గెలిస్తే నాకూ వస్తాది కదక్కా," అనడం నేను విన్నాను.

ఆ నెలంతా అమ్మ మమ్మల్ని కనిపెట్టి చూసింది. అవ్వ ఎప్పుడు నవ్వుతుందంటే, నీళ్ళబావి దగ్గర ఇద్దరు ఆడవాళ్ళు ఒకరినొకరు దులిపేసుకుంటుంటే. నాయన కళ్ళు రంగు కనబడితే గాని నిలవవు. చిన్నాయన డప్పు మోగకపోతే కునుకు తీస్తాడు. పిన్నికి పాట కావాలి, పిల్లలకు యుద్ధం కావాలి. ఇవన్నీ ఒకే చోట ఎక్కడ దొరుకుతాయా అని ఆలోచించి ఆలోచించి, పెనుకొండలో ఉండే మా మేనమామకు కబురు పంపింది. ఆ చుట్టుపక్కల పల్లెలో తోలుబొమ్మలాడించే కుటుంబం ఒకటుందని ఆమెకు తెలుసు. సంగతి బయటపడేసరికి చిన్నాయన పకపకా నవ్వాడు, సినిమాలొచ్చిన రోజుల్లో తోలుబొమ్మలేంటి వదినా అని. తెల్లవారితే మగ్గం గుంటల్లో దిగాలి కాబట్టి, ఆట కుదించి దీపాలు పెట్టగానే మొదలుపెట్టి భోజనాల వేళకు ముగించాలని అమ్మ ఆటవాళ్ళకు గట్టిగా చెప్పి పంపింది.

అమావాస్య నాటి సాయంత్రం వాళ్ళు వచ్చారు. ఒక పెద్దాయన, ఆయన భార్య ముసలమ్మ, ఇద్దరు కొడుకులు, బొమ్మలున్న పెద్ద వెదురుబుట్ట. వీధిలోవాళ్ళంతా మా ముంగిట్లో చేరారు. పెద్దాయన తెర కట్టబోయాడు. పంచెలు కలిపి కుట్టిన పాత గుడ్డ అది, అతుకుల మీద అతుకులు, దీపాల మసి. అది చూసి మా నాయన ముఖం మాడిపోయింది. పట్టు నేసే ఇంటి ముందు, తన భార్య తెచ్చిన ఆటకు, ఊరంతా చూస్తుండగా అతుకుల గుడ్డా? ఆయన గబగబా లోపలికి పోయి కొత్త మగ్గం మీద తాను నేసిన మొదటి నేత, రంగు వేయని తెల్లని పట్టుగుడ్డ, ఎవరికీ అమ్మకుండా దాచుకున్నది తీసుకొచ్చి ఇచ్చాడు. అమ్మ మీద ఆయనకున్న ప్రేమ నోటితో చెప్పే రకం కాదు. పెద్దాయన కాస్త తటపటాయించాడు గాని, ఇంటి యజమాని ఇస్తుంటే కాదంటాడా? కట్టేశాడు.

వెనక ఆముదం దీపాలు వెలగగానే తెర నిగనిగలాడింది. అందరం ఆహా అన్నాం. పెద్దాయన మొదటి బొమ్మను తెరకు ఆనించి, అది కదలకుండా నిలవడానికి ఈతముల్లు తీసి గుడ్డకు గుచ్చాడు. తోలుబొమ్మలాటలో అది మామూలే, ఆడని బొమ్మలను ముళ్ళతోనే తెరకు నిలుపుతారు. కాని చూస్తున్నది నేసేవాళ్ళు. ఆ ముల్లు పట్టులో దిగగానే ముంగిలంతా ఒక్కసారి స్‌స్ అన్నది. నాయన అయితే తన ఒంట్లోనే దిగినట్టు మూలిగాడు. రెండో బొమ్మ, రెండో ముల్లు. రాజు వచ్చాడో మంత్రి వచ్చాడో ఎవరికీ పట్టలేదు. అందరి కళ్ళూ గుడ్డ మీదే, పోగు జారుతోందా, చీలిక పాకుతోందా అని. పక్కింటాయన పైకే, "పాయె, అడ్డం చీల్తాది చూడు," అన్నాడు. పద్యం పాడుతున్న ముసలమ్మ గొంతు తడబడింది. అవ్వ చెయ్యి మోకాలి మీదికి వచ్చింది.

పిన్ని నా భుజం నొక్కి పట్టుకుంది, ఆ నొప్పి నాకు ఇంకా గుర్తు. అవ్వ సగం లేచింది కూడా. అప్పుడు మా అమ్మ, అత్త ఎదుట గొంతెత్తి ఎరుగని మనిషి, వాకిట్లోంచి నేరుగా తెర దగ్గరికి నడిచింది.

"ఆట నిలపండప్పా. ఈ పట్టు దించి మీ తెరే కట్టండి."

పెద్దాయన దీపాల వెనక నుంచి తొంగి చూశాడు. "మా తెరకు అతుకులుండాయి తల్లీ."

"ఉండనీ. మా వాళ్ళు కూచునింది బొమ్మలు చూసేదానికి. పట్టుంటే గుడ్డనే చూస్తాండారు." తర్వాత అవ్వ వైపు తిరిగి, "అత్తా, ఇంగా ఆట మొదలు కాలేదు. కూచో," అంది.

అత్తను కూచోమన్న కోడలిని మా వీధి అంతకు ముందు చూడలేదు. నాయనే లేచి పోయి, పట్టుగుడ్డ విప్పుకుని భుజాన వేసుకున్నాడు. అవ్వ అమ్మనే చూస్తూ మోకాలి మీది చెయ్యి తీసి మళ్ళీ చాప మీద కూర్చుంది.

ఇక ఆ పాత తెర మీద ఎన్ని ముళ్ళు గుచ్చినా ఎవరికీ నొప్పి లేదు. రంగులు ఒలికాయి, డప్పు మోగింది, చిన్నాయన కళ్ళు పెద్దవి చేసుకుని చూశాడు. మొగుడితో తగువుపడే గయ్యాళి బొమ్మ వచ్చిందంటే చూడాలి! ఆ ముసలమ్మ దానికి మాట అందిస్తుంటే మా నీళ్ళబావి దగ్గరి ఆడవాళ్ళు ఏ మూలకూ చాలరు. అవ్వ పమిట కొంగు నోట్లో కుక్కుకుని, కళ్ళలోంచి నీళ్ళు కారేలా నవ్వింది. ఆమెకు అలాంటి నవ్వు ఉందని నాకు అంతవరకు తెలియదు. ఆట అయ్యాక అమ్మను ఒక్క మాటైనా మెచ్చుకోలేదు. బుట్ట సర్దుకుంటున్న పెద్దాయనను మాత్రం, "మళ్ళా ఎప్పుడొస్తారప్పా?" అని అడిగింది. అంతకన్నా తీర్పు ఏం కావాలి? పిన్ని వంటింట్లోకి పరిగెత్తి అమ్మను పట్టుకుని ఏడ్చేసింది. నాకైతే వీధి వీధంతా పోయి ఆమె మా అమ్మ అని అరిచి చెప్పాలనిపించింది.

ఆ తర్వాత వంతుల్లో కోడళ్ళు కూడా చేరారు. పిన్ని తన మొదటి వంతుకు ఒక గారడీవాణ్ణి తెచ్చింది, వాడి కోడిపిల్ల సంచిలోంచి ముందే బయటికొచ్చి పరువు తీసింది, అయినా అవ్వ లేవలేదు. అరవైలు వచ్చేసరికి ఆడపిల్లలమైన మాకూ వంతు దక్కింది. చిన్నాయన రేడియో కొన్నాడు, మగ్గాల మధ్య అది రోజూ పాడేది, అయినా అమావాస్య ఆట మానలేదు.

అవ్వ మంచం పట్టిన ఏడు, ఒక అమావాస్య ఆమె వంతు వచ్చింది. ఏ భజనకు కబురు పంపమంటావని నాయన అడిగితే ఆమె తల అడ్డంగా ఊపి, అమ్మను పిలవమంది. అమ్మ వచ్చి మంచం పక్కన కూర్చుంటే, "నా వంతు నువ్వు తీసుకో. నాకేం బాగుంటాదో నాకన్నా నీకే తెలుసు," అంది. అమ్మ బయటి నుంచి ఎవరినీ పిలవలేదు. వీధిలోని ముసలివాళ్ళను కూర్చోబెట్టి, అవ్వ చిన్నతనంలో ఇసుర్రాయి దగ్గర పాడుకున్న పాటలు పాడించింది. అవ్వ కళ్ళు మూసుకుని పెదవులు కదుపుతూ చివరిదాకా విన్నది.

ఇప్పుడు ఎవరికి కావలసింది వాళ్ళ చేతిలోనే ఉంది. ఎవరి వంతు కోసమూ ఎవరూ కాచుకోనక్కర్లేదు, ఒకరు లేస్తారేమోనని ఇంకొకరు బిక్కుబిక్కుమనక్కర్లేదు. మంచిదే, పిల్లల సుఖాన్ని తప్పుపట్టేటంత చాదస్తం నాకు లేదు. కాని వంతే లేని ఇంట్లో, నా వంతు నువ్వు తీసుకో అని ఎవరైనా ఎవరికి ఇవ్వగలరు? ఎదుటి మనిషి దేనికి నవ్వుతారో, దేనికి కరుగుతారో నెలంతా కనిపెట్టి చూసే మనిషి ఎన్ని ఇళ్ళలో ఉంది? మా ఇంట్లో ఉండేది. నేను ఆమె కూతుర్ని.