తల కింద అరచేయి

మా అపార్ట్‌మెంట్లలో ఆడవాళ్లెవరు పోయినా స్నానం చేయించడానికి వచ్చే ఆమె మొన్న పోయింది. లింగంపల్లి దగ్గర కిరాయి గదిలో ఒక్కతే ఉండేది. తలుపు తీసేసరికి ఒక రోజు దాటిందని ఆమె కోడలు ఫోన్ చేసింది. "ముట్టుకోనీకి ఎవ్వరు వస్తలేరు పెద్దమ్మా" అంది.

ఆమెను నేను మొదట చూసింది మూడేళ్ల కిందట, నాతో ఉండే మా అక్కయ్య పోయిన ఉదయం. మా పన్నెండో అంతస్తులో అందరూ చదువుకున్నవాళ్లే. శవాన్ని ఎలా పట్టుకోవాలో ఒక్కరికీ తెలియదు. ఆమె నీళ్ల వేడి మోచేత్తో చూసుకుంది. దుప్పటి తీయకుండా దాని కిందే కడిగింది. "చచ్చినోళ్లకు గూడ సిగ్గుంటదమ్మా" అంది. పొట్ట మెల్లగా నొక్కి, బయటికొచ్చిన మలినం తుడిచింది. ప్రతి పనీ ముందు అక్కయ్యకే చెప్పేది: "అమ్మా, చెయ్యి లేపుతున్న. జర పక్కకు తిప్పుతున్న."

తిప్పగానే అక్కయ్య నోట్లోంచి నిట్టూర్పు వచ్చింది.

"ఆగు. ఊపిరి ఉంది" అన్నాను.

"గాలమ్మా. లోపల మిగిలింది, తిప్పితే వస్తది."

"నువ్వు డాక్టరువా?"

"కాదు. పిలిపించుండ్రి, కూసుంట."

డాక్టరు ట్రాఫిక్ దాటి వచ్చి, గాలేనని చెప్పేసరికి నలభై నిమిషాలు పట్టింది. అంతసేపూ అక్కయ్య తడి తలను ఆమె నేలకు ఆననివ్వకుండా అరచేతి మీద పెట్టుకునే కూర్చుంది. తప్పు నాది. ఆ మాట ఆమెతో అనలేదు. ఆ నిట్టూర్పు మాత్రం తువ్వాలు పిండినప్పుడల్లా ఇప్పటికీ వినిపిస్తుంది.

ఆ తర్వాత అప్పుడప్పుడు వచ్చి టీ తాగి వెళ్లేది. అన్నం చెంచాతోనే తినేది. "ఎంత తోమినా వాసన చేతులనే ఉంటదమ్మా" అనేది. ఒకసారి, "నన్నెవరు కడుగుతరో" అంది.

"నేను కడుగుతాను."

"మీరా? తిట్టుకుంటనే కడుగుతరు" అని నవ్వింది.

కోడలు ఫోన్ చేయగానే వెళ్లాను. ఎండాకాలం, ఆమె చర్మం నా వేళ్లకు అంటి వచ్చింది. కోడలు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని గడప దగ్గరే నిలబడింది. "నీళ్లు అందించు, చాలు" అన్నాను. దుప్పటి కిందే కడిగాను. "చెయ్యి లేపుతున్నానమ్మా" అని చెప్పాను. "పక్కకు తిప్పుతున్నాను."

తిప్పగానే అదే నిట్టూర్పు.

కోడలి చేతిలో చెంబు జారింది. "గాలమ్మా" అన్నాను.

"ఇగ పండబెట్టుండ్రి పెద్దమ్మా. బండి వచ్చింది."

"ఉండు" అన్నాను. గాలేనని నాకు తెలుసు. తడి తల నా అరచేతిలో బరువుగా ఉంది. దించలేదు.