మగ్గం గుంత తెలిసినామె కోసం కడప దాకా

కోడుమూరు నుంచి కడపకు పోవాలంటే కర్నూలు మీదనే పోవాల. పొద్దున అయిదున్నర బస్సు పట్టుకుంటే మధ్యాన్నం ఒంటిగంటకంతా కడపలో దిగొచ్చు. ఈ మాట మొదటే రాస్తాండా, ఎందుకంటే నాకు ఎవరూ చెప్పలేదు. నలుగురిని అడిగి అడిగి తెలుసుకున్నా. నేను చదివింది మూడో తరగతి దాకానే. బస్సు బోర్డు కూడబలుక్కొని చదివేలోపల బస్సే పోతాది.

పోయింది మా చెల్లెలి కూతురు నాగవేణి కోసం. తల్లి లేని పిల్ల, పెద్దమ్మనని నేనే పెండ్లి చేసినా. మాది నేతపని ఇల్లు, దాన్ని ఇచ్చిందీ మగ్గమున్న ఇంటికే. నాలుగేండ్లలో దాని ఎడమ చెయ్యి రెండుసార్లు ఇరిగినాది. ఇరిచింది మొగుడే. మొదటిసారి కట్టు కట్టించేటప్పుడు డాక్టరు అడిగితే, నేసేటప్పుడు కాళ్లు పెట్టుకునే మగ్గం గుంతలో పడిందని చెప్పింది నేను. ఇంటి గుట్టు వీధిలో పడకూడదని చెప్పినా. రెండోసారీ అదే మాట చెప్పినా. చెప్పగా చెప్పగా నాగవేణి కూడా అదే చెప్పడం నేర్చుకున్నాది.

మూడు నెలల కింద అది మా ఇంటికి వచ్చేసినాది. వచ్చిన నాటి నుంచి ఆ సంగతి ఒక్క ముక్క మాట్లాడదు. అడిగితే లేచి రాట్నం దగ్గర కూచుంటాది, నూలు కండెలు చుడతానే ఉంటాది. మొగుడేమో పెద్దమనుషుల దగ్గరికి పోయినాడు. వాళ్లు ఆదివారం పంచాయితీకి కూచుంటామన్నారు. "ఆ పిల్ల తన నోటితో తాను చెప్పాల. చెప్పకుంటే మొగుని ఎంబడి పంపీయాల" అని చెన్నప్ప మామ నాకు కబురు పెట్టినాడు. మా కులంలో ఆయన మాటకు ఎదురు లేదు.

అంతకు ముందు కర్నూల్లో ఒక కౌన్సెలింగ్ మేడం దగ్గరికి పోయొచ్చినాము. మంచి మనిషే, తప్పు చెప్పకూడదు. నీళ్లిచ్చింది, మెల్లగా మాట్లాడింది. దంపతుల మధ్య అభిప్రాయభేదాలు ఏమైనా ఉన్నాయా అని అడిగింది. నాగవేణి నా ముఖం చూసినాది. నా నోట్లోంచి అలవాటు కొద్దీ గుంత కథే వచ్చింది. చెప్పుకోనీకి పోయి, దాచిపెట్టుకొని వచ్చినాము. ఆయమ్మ పట్నంలో పుట్టి పెరిగిన మనిషి, మగ్గం గుంత అంటే బావి మాదిరి ఉంటాదనుకున్నట్లుండాది. ప్రమాదం అని కాగితంలో రాసుకొని, ఇంట్లో జాగ్రత్తగా నడవమ్మా అని పంపించినాది.

ఈ సంగతి విని మా వీధి అంగన్‌వాడీ టీచరు నవ్వలేదు. కడపలో ఇట్లాంటి ఆడోళ్లకు ఆసరా ఇచ్చే ఇల్లు ఒకటుందని, అక్కడ సైకాలజీ అనే మనసు చదువు చదివినామె ఒకరు మన మగ్గాల ఇంటి పిల్లేనని చెప్పి, తానే ఫోను చేసి శుక్రవారానికి మాట తీసుకున్నాది. ఆ టీచరు చల్లగుండాల.

శుక్రవారం తెల్లారకముందే జొన్నరొట్టెలు కాల్చి చెనిక్కాయల పొడి కట్టుకొని బయల్దేరినాము. ఆరూ ముక్కాలుకు కర్నూలు బస్టాండు. బయట ఉగ్గాని, మిరపకాయ బజ్జి వేడిగా దొరుకుతాది. నేను తిన్నా, నాగవేణి సగం వదిలిపెట్టినాది. ఏడున్నరకు కడప ఎక్స్‌ప్రెస్. ఆడోళ్లకు ఇప్పుడు టికెట్టు ఉచితమే గానీ ఆధార్ చూపించాల. నేను సంచీలో తడుముకొని చేతికి దొరికిన కార్డు ఇచ్చినా.

కండక్టరు తిప్పి చూసి, "ఇది రేషను కార్డమ్మా. బియ్యం ఇస్తాది గానీ బస్సు ఎక్కనీదు" అన్నాడు. బస్సంతా నవ్వినారు. ఆధార్ సంచీ అడుగున పెట్టుకోవద్దండి, రవికలో పెట్టుకోండి.

తొమ్మిదింపావుకు నంద్యాల. ఆడ ఒక ముసలామె బుట్టెడు బనగానపల్లె మామిడిపండ్లతో ఎక్కి మా పక్కన ఇరుక్కొని కూచున్నాది. మైదుకూరులో కూతురింటికి పోతాందంట. మేము యాడికి అని అడిగింది. ఆస్పత్రికి అని చెప్పినా. ఏం జబ్బు అంటే, చెయ్యి అన్నా. ఆ ముసలామె నాగవేణి చెయ్యి పట్టుకొని అటూ ఇటూ తిప్పి చూసినాది. తర్వాత నా దిక్కు చూసినాది. ఇంక ఏమీ అడగలేదు. బుట్టలోంచి మాగిన పండు ఏరి దాని ఒళ్లో పెట్టి, "తిను పాపా. ఇది మందేం కాదులే, తింటే తప్పు లేదు" అన్నాది. మైదుకూరులో దిగేదాకా పిల్ల మీద ఎండ పడకుండా కిటికీకి తన కొంగు అడ్డం పెట్టుకొనే కూచున్నాది. పేరు కూడా అడగలేదు నేను.

మైదుకూరు రాకముందే ఆళ్లగడ్డలో పది నిమిషాలు ఆపినాడు, మజ్జిగ తాగినాము. ఒంటిగంటకు ఇరవై నిమిషాలు తక్కువుండగా కడప. ఎండ నెత్తిన నిప్పులు పోసినట్లుండాది. బస్టాండు ఎదురుగా సంగటి, పప్పు తిన్నాము. ఆటో ఆయనకు అడ్రసు కాగితం చూపిస్తే, చదివి మాటాడకుండా తీసుకపోయినాడు. గేటు బయటనే ఆపినాడు. "లోపలికి మగోళ్లం పోగూడదమ్మా. మీరు పోవాల్సింది ఆ పచ్చ తలుపే" అని చెయ్యి చూపించి, మేము లోపలికి పోయేదాకా బండి తీయలేదు.

లోపల వరండాలో బెంచీ మీద రాయచోటి నుంచి వచ్చిన మస్తాన్‌బీ అనే ఆమె ఉండాది. కూతుర్ని పక్క గదిలోకి పంపించి కూచున్నాది. ఆ గదిలో ఉండే మేడం ఉర్దూ మాట్లాడతాదంట.

"మా పిల్ల తెలుగు బాగనే మాట్లాడుతుందమ్మా, అంగట్లో బేరం చేసేది తెలుగులోనే" అన్నాది. "కానీ ఏడ్చేది ఉర్దూలో. దాన్ని తెలుగులో చెప్పమంటే ఎట్ల చెప్తాది?"

రెండింటికి మమ్మల్ని పిలిచినారు. టీచరు చెప్పినామె పేరు శైలజ, ముప్పై ఏండ్లుంటాయేమో. బల్ల, కుర్చీ ఉన్నా వదిలిపెట్టి, చాప పరిచి మాతోపాటు కింద కూచున్నాది. మేడం అనొద్దు, పేరుతో పిలువు పెద్దమ్మా అన్నాది. ఏం నేస్తారు, జరీ యాణ్ణించి వస్తాది, ఒక చీరకు ఎన్ని దినాలు పడతాది అని అడిగినాది. నాగవేణి కూడా ఒకటి రెండు మాటలు కలిపినాది. తర్వాత, చెయ్యికి ఏమయింది పాపా అన్నాది.

నాగవేణి నా ముఖం చూసినాది. నేను చెప్పేసినా. మగ్గం గుంతలో పడింది, రెండుసార్లు.

శైలజ రాసుకోలేదు.

"పెద్దమ్మా, మాదీ మగ్గం ఇల్లే, ఇదే జిల్లాలో మైలవరం దిక్కు. గుంత మోకాలి లోతు. చిన్నప్పుడు దాంట్లో కాళ్లు పెట్టుకొని అన్నం తినేదాన్ని. దాంట్లో పడితే కాలు గీసుకుపోతాది. చెయ్యి రెండుసార్లు ఎట్ల ఇరుగుతాది?"

కట్టు కట్టిన డాక్టరు నమ్మినాడు, కర్నూలు మేడం నమ్మినాది. మా వీధిలో అందరివీ మగ్గాలే. వాళ్లల్లో ఒక్కరూ నమ్మలేదు, ఒక్కరూ అడగలేదు. అడిగింది ఈ పిల్ల. గొంతు పెంచలేదు, నన్ను తప్పు పట్టలేదు. నాగవేణి తల దించుకొని చాప పుల్ల ఒకటి పీకుతా ఉన్నాది.

నువ్వు బయట కూచో పెద్దమ్మా అన్నాది శైలజ. నేను లేవలేదు. అది ఏమీ చెప్పదమ్మా, నేను చెప్తేనే అన్నా.

"అందుకే" అన్నాది.

బయట బెంచీ మీద రెండు గంటలపైనే కూచున్నా. మస్తాన్‌బీ నా సంగతేమీ అడగకుండా తమలపాకు మడిచి ఇచ్చినాది. లోపల మాట వినపడదు. ఒకసారి ఏడుపు వినపడి లేచినా, మస్తాన్‌బీ నా కొంగు పట్టి కూచోబెట్టినాది. నాలుగూ ముక్కాలుకు తలుపు తీసినారు. నాగవేణి కండ్లు వాచిపోయిండాయి. నా దగ్గరికి వచ్చి, ఆకలైతాంది పెద్దమ్మా అన్నాది. మూడు నెలల్లో అది అడిగి తిన్నది లేదు. ఉన్న రొట్టెలు రెండూ తినేసినాది.

ఏం చెప్పినాది అని శైలజను అడిగినా. "అది దాని మాట. చెప్పాలనుకున్నప్పుడు అదే చెప్తాది, మధ్యలో మాట అందీయొద్దు" అన్నాది. మొగుడు దగ్గరికి రాకుండా కోర్టు నుంచి కాగితం తెచ్చుకునే దారి ఉందని, నాగవేణి సరే అంటే వకీలమ్మతో మాట్లాడిస్తానని చెప్పినాది. ఇదంతా యాడ నేర్చుకున్నావమ్మా అంటే నవ్వినాది.

"కాలేజీ పుస్తకాల్లో మగ్గం గుంత లేదు పెద్దమ్మా. మా క్లాసులో మగ్గం ఇంటిదాన్ని నేనొక్కదాన్నే. అప్పుడు సిగ్గుపడేదాన్ని, ఇంట్లో ఏం చేస్తారంటే చెప్పేదాన్ని కాదు. ఇప్పుడు ఏటేటా మా వీధి ఆడపిల్లల దగ్గరికి పోయి, ఈ చదువుకు రండి అని కూచోబెట్టి చెప్తాండా. తండాలనుంచి గూడా ఒక పిల్ల వచ్చేట్లుండాది."

మాకు ఆ పూట ఆడనే రెండు మంచాల గది ఇచ్చినారు. అన్నం, పప్పుచారు పెట్టినారు. ఒక్క రూపాయి తీసుకోలేదు. ఇంత దూరం వచ్చేవాళ్లు దుప్పటి తెచ్చుకోనక్కర లేదు, అన్నీ ఉన్నాయి.

శనివారం పొద్దున ఆరున్నరకు తిరుగు బస్సు. కిటికీ పక్కన నాగవేణి కూచున్నాది. దువ్వూరు దాటినాక, గుంత కథ ఇంక ఎవరికీ చెప్పొద్దు పెద్దమ్మా అన్నాది. చెప్పను అన్నా. నేనే మొదలుపెట్టినా, నన్ను క్షమించు అని అడిగినా. అది నా చేతిలో నీళ్ల సీసా తీసుకొని తాగినాది.

చాగలమర్రి దగ్గర ఫోను మోగినాది. చెన్నప్ప మామ. "ఏమ్మా, రేపు ఏం చెప్పమంటావు? పిల్లను పంపిస్తాండావా, లేదా?" అని అడిగినాడు. ఆ పిల్ల ఏమంటాదంటే అని మొదలుపెట్టినా. ఆడికే ఆగిపోయినా. ఫోను దాని చేతిలో పెట్టినా.

నాగవేణి ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాది. మామ హలో హలో అంటాండేది నాకు వినపడతాంది.

"మామా, నేను నాగవేణిని. నా చెయ్యి ఆయన ఇరిచినాడు, రెండుసార్లు. నేను పోను. రేపు మీ అందరి ముందరా ఇదే చెప్తా."

ముందు సీట్లోవాళ్లు వెనక్కి తిరిగి చూసినారు. అది వాళ్లను చూడలేదు. చెన్నప్ప మామ, "అట్లనేమ్మా. రేపు నిన్నే కూచోబెడతాము. నువ్వే చెప్పు" అన్నాడు.

నేను ఎన్నో యాత్రలు చేసినా, శ్రీశైలం, మంత్రాలయం, తిరుమల. ఏ దేవుని దగ్గరికి పోయినా ఏదో ఒకటి అడుక్కొనే వచ్చినా. ఈసారి అడగకుండానే దొరికినవి శానా ఉండాయి, మామిడిపండు నుంచి మంచం దాకా. అందరి పేర్లు తెలీవు, అందరికీ దండం పెడతాండా. మీ ఇంట్లోనూ ఇట్లాంటి పిల్ల ఉంటే, మీ ఇంటి సంగతి తెలిసినోళ్లు యాడుండారో అడిగి అడిగి తెలుసుకొని పిలుచుకపోండి. తోడు పోండి, తప్పకుండా పోండి. తలుపు దాకా పోయి, బయట కూచోండి.