వేడి కబురు

ఏ బండొచ్చినా ముందు బానెట్ మీద అరచెయ్యి ఆనించడం మెకానిక్ పిన్నికి అలవాటు. ఆ రోజొచ్చిన అంబులెన్స్ చెయ్యి చుర్రుమనిపించింది. బండికి తగిలించిన స్కానర్ మాత్రం ఇంజిన్ మంచుగడ్డలా ఉందని చూపిస్తోంది.

"వేడిని చెప్పే సెన్సార్ కొత్తదే వేయించాను పిన్నీ. అయినా వేడెక్కాక ఆపితే మళ్ళీ స్టార్టవ్వదు. లోపల మనిషుంటే నా ప్రాణం గుప్పిట్లో ఉంటుంది," అన్నాడు డ్రైవరు.

"సెన్సార్ బంగారమే అబ్బాయ్. కబురు మోసే తీగే దారిలో ఎక్కడో కూలబడింది. అందుకే ఇంకా చల్లగా ఉందనుకుని ఇంజిన్ ఇంధనం అతిగా తాగేసి మొరాయిస్తోంది."

కొంగు బిగించి, సెన్సార్ దగ్గర్నుంచి తీగను వేళ్ళతో తడుముకుంటూ పోయింది. బ్యాటరీ కింద మలుపులో కాస్త వంచగానే స్కానర్‌లో అంకె ఒక్క ఉదుటున తొంభైకి ఎగిరింది. వదిలితే పడిపోయింది. మళ్ళీ వంచింది, మళ్ళీ ఎగిరింది. పిన్ని పడీపడీ నవ్వింది.

"దొరికావే దొంగా."

తెగిన రాగిపోచల్ని అతికించి, టేపు చుట్టి, "తిప్పు," అంది. వేడి ఇంజిన్ ఇట్టే అందుకుంది. అంతలో డ్రైవరు ఫోను మోగింది. "వచ్చేస్తున్నా," అంటూనే అతను గేటు దాటేశాడు. సైరన్ వినబడినంతసేపూ పిన్ని మసిచేతులతో వీధిలోనే నిలబడింది.