ఉలవల కళ్ళం మీద మారథాన్ దారి

2023 డిసెంబరు. కొత్తచెరువు దగ్గర ఒక పల్లె. వానలు మొహం చాటేసి వేరుశనగ నిలువునా ఎండిపోయిన ఏడు అది. ఆలస్యంగా చల్లిన ఉలవ ఒక్కటే రైతుల చేతికి వచ్చింది. నేను వెళ్ళింది మాత్రం రోడ్డు కొలవడానికి.

మారథాన్ జరిగే దారిని ముందుగా కొలిచి, దూరం సరిగ్గా ఉందని సంతకం పెట్టే కోర్స్ మెజరర్‌ని నేను. కారు మీటరు ఇందుకు పనికిరాదు. సైకిలు ముందు చక్రానికి కౌంటర్ అనే చిన్న యంత్రం బిగిస్తాం. ఇనుప టేపుతో కొలిచిన ముక్క మీద తొక్కి దాన్ని సరిచూసుకోవడమే కాలిబ్రేషన్. ఆ తర్వాత ప్రతి మలుపులోనూ లోపలి అంచు పట్టుకుని పోవాలి. పరుగెత్తేవాళ్ళు ఎప్పుడూ దగ్గరి దారే చూసుకుంటారు కదా. ఆ గీతను టాంజెంట్ అంటాం. అది తప్పి దూరంగా తిరిగి కొలిస్తే, వాళ్ళు పరుగెత్తే అసలు దారి లెక్కకన్నా పొట్టిదవుతుంది. దాని మీద పరుగెత్తినవాళ్ళ టైము ఎక్కడా చెల్లదు.

నన్ను పిలిపించింది ఓబుళమ్మ. గొర్రెల కాపరి కూతురు. జాతీయ ఛాంపియన్ అయి, ఒలింపిక్స్‌లో మారథాన్ పరుగెత్తి వచ్చిన మనిషి. ఇప్పుడు పుట్టిన పల్లెలోనే పిల్లలకు పరుగు నేర్పుతోంది. ఆమె దగ్గర తయారైన సుజాత అనే అమ్మాయికి ఆ ఆదివారం ఇక్కడ జరిగే మారథాన్‌లో మంచి టైము వస్తే జాతీయ శిక్షణ శిబిరానికి పిలుపు అందుతుంది.

"నాకు ఒగసారి అన్యాయమైంది సార్," అంది ఓబుళమ్మ. "పందెం గెల్సినా, రోడ్డు కొల్సలేదని నా టైము లెక్కలోకి తీసుకోలే. శిబిరం కోసరం ఇంగ రెండేండ్లు కాసుకోని ఉన్న్యా. ఈ పాపకు అట్ల కాకూడదు."

ఊరు దాటాక పెద్ద మలుపు వచ్చింది. దాని లోపలి వైపు, సరిగ్గా నా గీత పోవలసిన చోట, రోడ్డు సగం మేర ఉలవ పంట పరిచి, చుట్టూ రాళ్ళు పెట్టారు. మా సీమలో ఇది మామూలే. వచ్చేపోయే బండ్ల చక్రాల కింద కాయ నలిగి గింజ రాలుతుంది. కానీ ఆ పంటను తప్పించుకుని కొలిస్తే నా కొలత తప్పుతుంది. తీయించమని అడిగాను.

పంట గల రైతు చౌడప్ప భుజం మీది తువ్వాలు దులిపాడు. "తీసి యాడ పొయ్యల్లప్పా? ఈ ఏడు ఇంట్లోకి వచ్చేది ఇదే. రోడ్డేమన్నా మీ తాతదా?"

"అవును, మా తాతగారిదే," అన్నాను.

అబద్ధం కాదు. ఆ రోడ్డుకు నేల ఉచితంగా ఇచ్చింది ఆయనే. ఇప్పుడు ఆ పల్లెలో మాకు చారెడు మట్టి కూడా లేదు. తాతగారి సంగతి నేనుగా చెప్పను, అడిగితే దాచను.

చౌడప్ప నన్ను పైనుంచి కిందికి చూశాడు. "పెద్దింటాయన మనవడివా? అయితే ఇంగేమి! ఆయప్ప ఉన్నెబ్బుడు గూడా ఈడ్నే పరిసినాము. గుర్రం దిగి పక్కన నడుసుకుంటా పొయ్యెటోడు గానీ, తియ్యమన్లే. నువ్వు సైకిలే దిగకుండా ఉండావు."

సైకిలు దిగాను.

ఇంతలో ఓబుళమ్మ పిల్లలను వెంటేసుకుని పరుగున వచ్చింది. సంగతి విని, వంగి ఒక కాయ నలిపి చూసింది.

"బాగా ఎండినాయే మామా!"

"గలగలమంటాండాయి. పొద్దున్నుంచి ఒగ బండి వస్తే ఒట్టు."

"ఇన్ని కాళ్ళుండంగా బండ్లెందుకు? నేను పరుగు నేర్సింది నీ కళ్ళంలో, ఎద్దుల ఎనకాలనే గదా!"

"ఒలింపిక్కు కాళ్ళతో నా ఉలవలు తొక్కిస్తావా? కూలి ఎంతడుగుతావో ఏమో."

"రాత్రికి ఉలవచారు పొయ్యి, సాలు."

సుజాత ముందు, మిగతావాళ్ళు వెనక, పంట మీద అటూ ఇటూ పరుగు మొదలుపెట్టారు. చౌడప్ప భార్య కర్రతో ఎండిన ఉలవ తీగలను తిరగేస్తూ, "ఇంగొంచెం ఎత్తెత్తి తొక్కండ్రా!" అని అదిలించింది. మధ్యాహ్నానికి గింజ అంతా రాలింది. గింజ పోసిన టార్పాలిన్ పట్టాను పక్కకు లాగేటప్పుడు ఒక కొస నేను పట్టుకున్నాను. మా ఇంట్లో అంతకు ముందు ఎవరూ ఆ పని చేసి ఉండరు. ఊడ్చిన రోడ్డు మీద మలుపు లోపలి అంచు వెంబడి సైకిలు తొక్కి, నా గీతను పూర్తి చేశాను.

ఆదివారం ఆ మలుపులో చౌడప్ప కర్ర అడ్డం పెట్టి ట్రాక్టర్లను ఆపుతున్నాడు. "ఆగప్పా, పాప వస్తాండాది!" సుజాత నేను కొలిచిన అంచునే పట్టుకుని దూసుకుపోయింది. కావలసిన టైము వచ్చింది, అది చెల్లింది. శిబిరం నుంచి పిలుపు అందిన రోజున ఓబుళమ్మ ఫోన్ చేసి, ఆ మాట పాపే చెప్పాలని ఫోను సుజాత చేతికిచ్చింది.

కొలత విషయంలో నా పట్టుదల ఇప్పటికీ వెంట్రుకవాసి తగ్గలేదు. అయితే రోడ్డు కొలిచే ముందు, ఆ రోడ్డు మీద బతికేవాళ్ళను పలకరించాలని ఆ మలుపులో నేర్చుకున్నాను. ఇప్పుడు ఏటా ఆ దారిలో మారథాన్ జరుగుతోంది. ఉలవ కోతలు కాగానే చౌడప్పే ఫోన్ చేస్తాడు.

"ఏమప్పా, పిల్లోల్లు ఎబ్బుడొస్తారు? ఉలవలు ఎండినాయి."

ఆ తర్వాతే కొలత ఏ రోజో ఖాయం చేస్తాను.