మనసులో ఉంటేనే ఆమెన్

దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో మెట్లు దిగి సందులోకి తిరిగానో లేదో, మాడిన చక్కెర వాసన గుప్పున ముక్కుకు తగిలింది. డిసెంబరు వచ్చిందంటే ఆ సందులోని బేకరీ ముందు ఆడవాళ్లు కేకు పిండి గిన్నెలు పట్టుకుని వరుస కడతారు. పిండి మనమే కలుపుకుని తీసుకెళ్లాలి. వాళ్లు తమ భట్టీలో కాల్చి ఇస్తారు. గిన్నెలు తారుమారు కాకుండా ఒక్కోదానికి చీటీ అంటించి పేరు రాస్తారు. నా వంతు రాగానే కౌంటర్లో పెద్దాయన కలం తీసి, "పేరు చెప్పమ్మా" అన్నాడు. నా పేరు చెప్పడానికే నోరు తెరిచాను. బయటికి మాత్రం "రూతమ్మ" అని వచ్చింది. ఆవిడ పోయాక ఇది రెండో క్రిస్మస్.

రూతమ్మ ఆంటీ మా ఇంటి ఓనరు. నల్గొండ వైపు పల్లె నుంచి పెళ్లయి వచ్చి, బస్సు డిపోలో మెకానిక్‌గా పనిచేసే భర్తతో కలిసి మన్సూరాబాద్‌లో రెండంతస్తుల ఇల్లు కట్టుకున్నారు. ఆయన పోయాక కింద పోర్షన్లో జాకెట్లు కుట్టుకుంటూ, మీద పోర్షను మాకు కిరాయికిచ్చి, ఒక్కగానొక్క కొడుకు ప్రభుదాస్‌ను చదివించుకుంటున్నారు. మాది గోదావరి జిల్లా. నాన్న ఉద్యోగం కోసం వచ్చి ఇక్కడే ఉండిపోయాం. మనిషన్నాక ఎదుటివాళ్లను కాస్త మాటల్లో అటూఇటూ తిప్పడం ఉంటుంది కదా, ఆవిడకు ఆ విద్య బొత్తిగా రాదు. ఇల్లు చూడ్డానికి వెళ్లిన రోజే అమ్మతో, "మీ ఆంధ్రోళ్లు నీళ్లు మస్తు వాడతరని విన్న. జర చూసి వాడుకో సరోజమ్మా" అన్నారు. అమ్మ నిర్ఘాంతపోయి నాన్న వైపు చూసింది. మరుక్షణమే ఆవిడ లోపలికెళ్లి మజ్జిగ తెచ్చి ఇచ్చారు. ఆ ఇంట్లో మాకు మొదటి షాక్ అది. ఇంకా చాలా రాసిపెట్టి ఉన్నాయని అప్పుడు మాకేం తెలుసు?

మొదటి డిసెంబరులోనే రెండోది తగిలింది. కేకు కోసం చక్కెర కాగబెడుతున్నారు ఆంటీ. అమ్మ సాయం కూర్చుంది. మా అమ్మ పాకం పట్టిందంటే మా బంధువుల్లో పేరు. అరిసెల పాకం వేలికి తగలగానే చెప్పేస్తుంది. అలాంటి మనిషి కళ్ల ముందే చక్కెర ఎర్రబడి, గోధుమరంగుకొచ్చి, పొగలు లేచి నల్లబడిపోతోంది.

"అయ్యయ్యో! మాడిపోతోందండీ! దించండి, దించండి!" అని అమ్మ మూకుడు పట్టుకోబోయింది.

"ఆగు సరోజమ్మా, మాడాలె. మాడకుంటె కేకుకు రంగెట్లొస్తది?"

"పాకం ముదిరితేనే మా వైపు పారబోస్తామండీ!"

"మీరు పారబోస్తరు, మేం పండుగ చేస్కుంటం" అని నవ్వుతూ అందులో వేడినీళ్లు పోశారు. చుయ్యిమని లేచిన ఆ శబ్దానికి అమ్మ వెనక్కి గెంతింది. ఆ తర్వాత ఏటేటా చక్కెర మాడ్చే పని అమ్మదే అయింది, ఏటేటా ప్రాణం ఉసూరుమంటూనే మాడ్చేది. గుడ్డు తినని మనిషి, ముఖం పక్కకు తిప్పుకుని గుడ్లు కూడా గిలక్కొట్టేది. మా కజ్జికాయలు వాళ్ల గరిజెలని తెలిసినప్పుడు ఎవరివి మంచివని ఇద్దరూ సాయంత్రమంతా వాదించుకున్నారు. రంగు కాగితాల గొలుసులు అంటించడం నా పని. వెదురుబద్దలతో నక్షత్రం కట్టడం ప్రభుదాస్ పని. ఎత్తుగా కనబడాలని ఆ నక్షత్రాన్ని మా పోర్షన్ రెయిలింగుకే కట్టేవాడు. వైరు మా కిటికీలోంచి వచ్చేది. స్విచ్ వేసేది నేనే. వీధి చివరి నుంచి చూస్తే అది మా ఇంటి పండుగే అనిపించేది.

నేను ఇంటర్ చదివే ఏడు తెలంగాణ ఉద్యమం ఉవ్వెత్తున లేచింది. ప్రత్యేక రాష్ట్రం ఇస్తామన్న మాట డిసెంబరులో టీవీలో వచ్చిన రాత్రి కింద పోర్షన్లో పండుగే పండుగ. క్రిస్మస్ ఇంక ఎల్లుండి అనగా ఆ మాట వెనక్కి పోయింది. ప్రభుదాస్ అప్పటికి డిగ్రీ అయి ఉద్యోగం లేక తిరుగుతున్నాడు. వార్త వినగానే గేటు దభీమని వేసి వీధిలోకి వెళ్లిపోయాడు. 'ఆంధ్రోళ్లు గో బ్యాక్' అన్న అరుపులు మా మెట్ల దాకా వినిపించాయి. నాన్న కిటికీ మూశారు. మూసి, మెల్లగా అన్నారు: "వనస్థలిపురంలో మనవాళ్ల మధ్య ఒక ఇల్లుందట. చూసొస్తాను. పండుగ కాగానే ఖాళీ చేసేద్దాం." అమ్మ కంచాలు సర్దుతూ ఉండిపోయింది. నాకు మాత్రం ఏడుపు తన్నుకొచ్చింది. ఆ ఇల్లు వదలడమంటే నాకు ఆంటీని వదలడమే. రెయిలింగు మీద నక్షత్రం ఊగుతుంటే, వచ్చే ఏడు ఈ స్విచ్ ఎవరేస్తారు అనుకున్నాను.

మర్నాడు బంద్. బస్సుల్లేవు, షాపుల షట్టర్లన్నీ దించేశారు. అయినా నాన్న పట్టు వదల్లేదు. నన్ను వెనక కూర్చోబెట్టుకుని స్కూటర్ తీశారు. ఎల్బీనగర్ చౌరస్తా దగ్గరికొచ్చేసరికి రోడ్డు మీద రోడ్డే లేదు. అంతా జనం. వంటావార్పు. రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి, అక్కడే వండుకుని అక్కడే తింటూ నిరసన చేస్తున్నారు. ఒకచోట అన్నం ఉడుకుతోంది, ఒకచోట పప్పు. నలుగురైదుగురు కుర్రాళ్లు మా బండికి అడ్డమొచ్చారు.

"ఏ, బండాపు! ఎటు పోతున్నవ్? జై తెలంగాణ అను, పో."

నాన్న నోరు విప్పి ఎవరినీ ఏమీ అనే మనిషి కాదు. అలాగని ఒకరు అనమంటే అనే మనిషీ కాదు. హ్యాండిల్ పట్టుకుని అలాగే కూర్చున్నారు. ఇంకా పదిమంది చుట్టూ చేరారు. ఆ వెనక వరుసలో ప్రభుదాస్ కనిపించాడు. హమ్మయ్య అనుకున్నాను. వాడు నా కళ్లలోకి చూసి తల పక్కకు తిప్పుకున్నాడు! నేనేసిన స్విచ్‌తో వెలిగే నక్షత్రాన్ని కట్టిన మనిషి!

"అనమంటే అంటలేడేంది? బలుపా?" అని ఒకడు బండి తాళం మీద చెయ్యి వేశాడు.

"ఏం గలాటరా గది?" అని వినిపించింది. ఆ గొంతు నాకు తెలుసు. తిరిగి చూశాను. నడిరోడ్డు మీద, మూకుడు ముందు పీట వేసుకుని, మెడలో గులాబీ రంగు కండువాతో రూతమ్మ ఆంటీ! ఎదురుగా గిన్నెలో తెల్లటి పిండి, చేతిలో ఇనుప అచ్చు. క్రిస్మస్‌కు ఇంట్లో చేసుకునే గులాబీ పువ్వుల పిండివంటను చౌరస్తాలో కూర్చుని వేయిస్తున్నారు. పొద్దున్నే మా మెట్ల దగ్గర నన్ను చూసి నవ్విన మనిషి, ఇక్కడ మమ్మల్ని ఆపినవాళ్ల మధ్య కూర్చుని ఉంది.

"ఆంధ్రాయనమ్మా, జై తెలంగాణ అనమంటే అంటలేడు."

ఆంటీ చిల్లుల గరిటె పట్టుకునే లేచి వచ్చారు. "గాయన మా ఇంట్ల ఉంటడు. తాళం ఇడువు" అన్నారు.

"అయితే అనమను."

"ఎందుకనాలె? మనసుల లేనిది నోటితోని అనిపిస్తే ఏమొస్తదిరా? గా ఉత్త మాట తీస్కపోయి ఏం జేస్కుంటవ్? నాకు మనసుల ఉన్నది, నేనంట." అని, మా స్కూటరు పక్కనే నిలబడి గరిటె పైకెత్తి "జై తెలంగాణ!" అని అరిచారు. చుట్టూ వందల గొంతులు అందుకున్నాయి. నా చెవులు గింగుర్లెత్తాయి. తాళం మీద చెయ్యి దానంతట అదే జారిపోయింది.

అప్పుడు మామూలు గొంతుతో అడిగారు: "బందు పూట ఎటు పోతుర్రు సారూ?"

నాన్న అబద్ధం చెప్పలేకపోయారు. "ఇల్లు చూడ్డానికండీ. వనస్థలిపురంలో."

ఆంటీ ఎత్తిన గరిటె దించారు. వెనక్కి వెళ్లి కూర్చుని, అచ్చు పిండిలో ముంచి నూనెలో పెట్టారు. ఒక పువ్వు విడిపోయి తేలింది, ఇంకొకటి తేలింది. కాగితంలో చుట్టి తెచ్చి నా చేతిలో పెట్టారు. "కాలుతది, మెల్లగ తిను బిడ్డా" అన్నారు నాతో. నాన్నతో, "ఇల్లు ఏడికీ పోదు సారూ. రేపు పొద్దుగూకంగ ప్రార్థనకు రాండ్రి. తర్వాత మీ ఇష్టం" అన్నారు. ఆ చేతులకు నూనె తుంపర్లు పడి ఎర్రగా కందిపోయి ఉన్నాయి. నాన్న బండి వెనక్కి తిప్పారు.

ఇంటికొచ్చి నేను చెప్పిందంతా విని అమ్మ భగ్గుమంది. "రోడ్డు మీద కూర్చుని మనల్ని పొమ్మని అరుస్తుందా! ఇన్నేళ్లు ఆవిడకి చక్కెర మాడ్చి పెట్టాను చూడు, నన్నూ..." ఆ మాట పూర్తికాకముందే మెట్ల మీద అడుగుల చప్పుడు. ఆంటీ కేకు పిండి బేసిన్ నడుముకు ఆనించుకుని వచ్చారు. బేకరీ షట్టర్ దించేశారు, భట్టీ లేదు.

"సరోజమ్మా, నీ పెద్ద కుక్కర్ ఇయ్యి. అడుగుకు ఇసుక పోసి కాలుద్దాం."

అమ్మ కొంగు బిగించింది. "మమ్మల్ని పొమ్మంటున్నారు కదండీ? మరి మా కుక్కరెందుకు?"

"నేను నిన్ను పొమ్మన్ననా? నా కొడుక్కు నౌకరి అడుగుతున్న. గది తప్పా?"

"తప్పని నేనన్నానా? పిల్లదాన్ని రోడ్డు మీద ఆపేస్తే ఎంత హడలిపోయిందో తెలుసా?"

"గది తప్పే" అన్నారు ఆంటీ వెంటనే. "మా వాణ్ణి ఇంటికి రానీ, చూస్కుంట నిలబడ్డందుకు వాడి సంగతి చెప్త." అమ్మ విసురుగా వెళ్లి అటక మీంచి కుక్కర్ దింపి దబ్బున పెట్టింది. ఆ కేకు కాలేంతవరకు ఇద్దరూ ఒక్క మాట మాట్లాడుకోలేదు. కానీ ఎవరూ వంటింట్లోంచి కదల్లేదు కూడా.

క్రిస్మస్ సాయంత్రం వెళ్లాలా వద్దా అని నాన్న చొక్కా వేసుకుని, విప్పి, మళ్లీ వేసుకున్నారు. చివరికి వెళ్లాం. గదినిండా కాగితపు గొలుసులు, మూల గడ్డితో కట్టిన పశువుల పాక. పల్లె నుంచి వచ్చిన ఆంటీ తమ్ముడి కుటుంబం, చర్చివాళ్లు చాపల మీద కూర్చున్నారు. మేం ముగ్గురం గోడకానుకుని కూర్చున్నాం. కేకు మధ్యలో గుంట పడింది, అడుగు మాడింది. ఆంటీ కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టారు.

"తండ్రీ, మా తెలంగాణ మాకియ్యి. మా పిల్లలకు నౌకర్లియ్యి."

"ఆమెన్!" గది అదిరిపోయింది. అమ్మ చాప వైపు చూస్తోంది. నాన్న పెదవులు గట్టిగా మూసుకుని ఉన్నాయి.

"ఇంకొక్కటి తండ్రీ. నా మీది పోర్షనోళ్లను ఏడికీ పంపకు. వాళ్లు పోతే నా ఇల్లు బోసిపోతది."

ఒక్కరూ ఆమెన్ అనలేదు. ఆంటీ కళ్లు తెరిచారు.

"ఏంది, ఒక్కరికి నోరు లేస్తలేదు? ఇందాక గంత గట్టిగ లేసింది గద?"

తమ్ముడు నసిగాడు. "అక్కా, గదీ గిదీ ఎట్ల కుదుర్తది? ఏదో ఒక్కటి అడుగు."

"నేను నిన్నడుగుతున్ననా? దేవుణ్ణి అడుగుతున్న. కుదురుతదో లేదో ఆయన చూస్కుంటడు. మనసుల ఉన్నోళ్లే ఆమెన్ అనుండ్రి, లేనోళ్లు ఊకోండ్రి. కేకు మాత్రం అందరికీ పెడత."

మొట్టమొదట ఎవరన్నారో తెలుసా? బొట్టు, మట్టెలు పెట్టుకున్న మా అమ్మ. చాప మీంచి చూపెత్తి, "ఆమెన్" అంది. గుమ్మం దగ్గర నిలబడ్డ ప్రభుదాస్, తల దించుకునే, "ఆమెన్" అన్నాడు. తర్వాత ఒక్కొక్కరే. అందరూ అనలేదు. ఆంటీ లెక్క పెట్టుకోలేదు కూడా, కేకు కోసి అందరికీ పంచారు. నాన్న దేనికీ ఏమీ అనలేదు. మెట్లెక్కుతూ మాత్రం, "ఆ వనస్థలిపురం ఆయనకు ఫోన్ చేసి వద్దని చెప్పాలి" అన్నారు.

మేం ఎక్కడికీ వెళ్లలేదు. తర్వాత కూడా బంద్‌లు వచ్చాయి, ఎన్నికలప్పుడు కింద పోర్షన్‌కీ మీద పోర్షన్‌కీ వాదనలు జరిగాయి, క్రిస్మస్‌కు అమ్మ చక్కెర మాడ్చింది. రాష్ట్రం వచ్చిన రోజు మన్సూరాబాద్ అంతా టపాసులు. నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని కిందికి దిగుతుంటే భయమేసి నేనూ వెంటపడ్డాను. ఆంటీ మిషన్ దగ్గర ఉన్నారు.

"రూతమ్మగారూ, ఆ రోజు మీ మొదటి ప్రార్థనకు నేను ఆమెన్ అనలేదు."

"యాదికున్నది సారూ."

"ఇప్పుడంటున్నాను. ఆమెన్."

అందరినీ నిర్ఘాంతపరిచే మనిషి మొదటిసారి తనే నిర్ఘాంతపోవడం చూశాను. సూది కింద గుడ్డ అలాగే ఉండిపోయింది. "మనసుల ఉండే అంటుర్రా?" అని అడిగారు.

"ఆలస్యంగా వచ్చిందండీ. కానీ వచ్చింది." ఆవిడ నవ్వబోయి, కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చేశారు.

ఇప్పుడు ఆఫీసులో పదిమందీ తలూపే చోట నా తల ఊగదు. పొగరని అంటారు. అననీ. పోయిన ఏడాదికి ముందేడు, క్రిస్మస్‌కు కట్టిన నక్షత్రం ఇంకా దించకముందే, ఆంటీ నిద్రలోనే పోయారు. సమాధి దగ్గర పాస్టరుగారు, దేవుడు తన చిత్తప్రకారమే ఈ సహోదరిని పిలుచుకున్నాడు, అందుకు ఆయనకు స్తోత్రం అన్నారు. ప్రభుదాస్ ఏడుస్తూ ఆమెన్ అన్నాడు. అమ్మ అంది. నాన్న కూడా ఈసారి ఆలస్యం చేయకుండా అన్నారు. అందరి చూపూ నా మీదే ఉంది. నేను నోరు తెరవలేదు.

మనసులో లేదు ఆంటీ. ఇంకా రాలేదు.